బీరువాలో పెళ్లి డిస్కు భద్రమేనా?

పట్టుచీరల అడుగున అట్టపెట్టెలో పెళ్లి ఆల్బమ్. దాని పక్కనే ప్లాస్టిక్ డబ్బాలో రెండో మూడో డిస్కులు. డబ్బా మీద గులాబీల మధ్య వధూవరుల ఫొటో, కింద స్టూడియో పేరు, ఫోన్ నంబరు. 2000 తర్వాత పదీ పన్నెండేళ్లలో పెళ్లి చేసుకున్నవారి ఇళ్లలో ఇది మామూలుగా కనిపించేదే. ‘మా పెళ్లి వీడియో భద్రంగా ఉంది’ అని ధీమాగా చెబుతారు. చివరిసారి ఎప్పుడు వేసి చూశారని అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు. ప్లేయరు అటకెక్కి చాలా కాలమైంది. కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు.

ఆవకాయ జాడీనైనా అప్పుడప్పుడూ మూత తీసి చూస్తాం. డిస్కును చూడం. దాచినంత కాలం ఉంటుందనుకోవడానికి అదేం బంగారం కాదు మరి!

కొట్లో కొన్న సినిమా డిస్కు వేరు, స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కు వేరు. మొదటిది ఫ్యాక్టరీలో అచ్చు పోసింది. సమాచారమంతా ప్లాస్టిక్‌లోనే సన్నటి గుంటల రూపంలో ఉంటుంది. రెండో దాన్లో పలచటి రంగు పొర ఒకటి ఉంటుంది. లేజర్ కిరణం ఆ రంగు మీద మచ్చలు వేస్తూ పోతుంది. మన పెళ్లి ఆ మచ్చల్లోనే ఉంది. ఎంతైనా రంగు రంగే. ఎండకీ వేడికీ వెలుస్తుంది. కోస్తా ఊళ్లలోలాగా గాలిలో తేమ ఎక్కువుంటే మరీ తొందరగా పాడవుతుంది. కొన్ని డిస్కులు ఇరవై ఏళ్లకీ నిక్షేపంగా ఆడతాయి, కొన్ని ఐదేళ్లకే మొండికేస్తాయి. ఏది ఏ రకమో పైకి చూసి చెప్పలేం.

ఇంకో సంగతి. సీడీని ఎప్పుడూ మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటాం, పేరు రాసిన వైపు పట్టించుకోం. నిజానికి ప్రాణమంతా ఆ పై వైపునే, లక్క పూత కిందే ఉంటుంది. అక్కడ గోరు గీసినా చేటే. డీవీడీ కాస్త నయం. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి, మధ్యలో సమాచారం దాస్తారు. కానీ ఆ అతుకు అంచుల దగ్గర విడిపోవచ్చు. స్టూడియోవాళ్లు అందంగా అంటించిన స్టిక్కరూ డిస్కుకు మంచిది కాదు. డిస్కులకు స్టిక్కర్లు వద్దనీ, అంచులు పట్టుకునే తీయాలనీ, నిలబెట్టి దాచాలనీ అమెరికా ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’ 2003లోనే పుస్తకం వేసి మరీ చెప్పింది. మనదాకా రాలేదంతే.

‘స్టూడియోలో మాస్టర్ కాపీ ఉంటుందిలే’ అని ఊరుకోకండి. చిన్న క్యాసెట్ల మీద పెళ్లిళ్లు తీసిన రోజుల్లో అదే క్యాసెట్టును తర్వాతి ముహూర్తానికి వాడుకున్నవారూ ఉన్నారు. చాలా స్టూడియోలు ఇప్పుడు మొబైల్ షాపులయ్యాయి. ఆ మినీ డీవీ క్యాసెట్ల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అంటూ మనకి సినిమాలమ్మిన మోసర్ బేర్ కూడా ఖాళీ డిస్కులు తయారుచేసిన సంస్థే. 2018లో దాన్ని మూసేసి ఆస్తులమ్మేందుకు ఉత్తర్వులొచ్చాయి.

ఇంతకీ ఆ డిస్కులో దాచుకోవాల్సిందేమిటి? గులాబీ విచ్చుకుని అందులోంచి పెళ్లికూతురు రావడం, గుండె బొమ్మలో పెళ్లికొడుకు గిర్రున తిరగడం, వెనక సినిమా పాట... అవి పోయినా ఫర్వాలేదు (కొందరైతే పోతే బాగుండుననుకుంటారు). అసలు విలువ బంతి భోజనాల దగ్గరుంది. వీడియో అబ్బాయి తెల్లటి లైటు పట్టించుకుని వరస పొడుగునా నడుచుకుంటూ పోతాడు. విస్తరి ముందు కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే తలెత్తుతారు. తాతయ్య చేయి అడ్డం పెట్టుకుంటాడు. మేనత్త కొంగు సర్దుకుంటుంది. పెదనాన్న గారెలు వడ్డించేవాణ్ని కేకేస్తాడు. అప్పట్లో ఆ భాగాన్ని ముందుకు జరిపేసేవాళ్లం. ఇప్పుడు చూస్తే ఆ వరసలో సగం మంది లేరు. ఫొటోలైనా ఉంటాయి. వాళ్ల నడకా, నవ్వూ, గొంతూ ఈ ప్లాస్టిక్ పళ్లెంలో తప్ప ఎక్కడా లేవు. పెళ్లి జంటకు ఫొటోలకు కొదవలేదు, ఆ మేనత్తకు ఈ నాలుగు క్షణాలే దిక్కు.

సరే, పని మొదలుపెడదాం. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మెత్తటి బట్టతో డిస్కును మధ్యలోంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ కాదు. డీవీడీ తెరిస్తే ‘వీడియో_టీఎస్’ అనే ఫోల్డరు కనిపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు మొత్తం కాపీ చేయండి. వీసీడీ అయితే ‘ఎంపీఈజీఏవీ’ ఫోల్డర్లో ‘డాట్’ ఫైలుంటుంది. అది వీఎల్‌సీ ప్లేయర్లో ఆడుతుంది. అమెరికా వెళ్లిన పిల్లల కోసం అప్పట్లో విడిగా చేయించిన ఎన్‌టీఎస్‌సీ కాపీలున్నా ఫర్వాలేదు, కంప్యూటర్‌కు ఆ తేడా లేదు.

ఫోన్లో పట్టడానికని సైజు తగ్గించిన కాపీ ఒకటి చేసుకుంటే తప్పులేదు. అదే అసలు కాపీ కాకూడదు. వాట్సప్‌లో పంపించాం కదా, అందరి దగ్గరా ఉందిలే అనుకుంటే మిగిలేది మసక బొమ్మే. హెచ్‌డీ చేసిస్తామని ఎక్కువ డబ్బులడిగేవాళ్ల దగ్గరా ఓ క్షణం ఆగండి. వీసీడీలో ఉన్నది అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. లేని వివరం ఏ కంప్యూటరూ తెచ్చిపెట్టలేదు, ఊహించి పూస్తుందంతే. మొహాలు నున్నగా వస్తాయి కానీ అవి మనవాళ్లవి కావు.

కాపీ అయ్యాక చివరి పది నిమిషాలు తప్పకుండా చూడండి. డిస్కు మీద రాత లోపలి నుంచి మొదలై అంచుకు చేరుతుంది. వేళ్లు తగిలేదీ అతుకు విడిపోయేదీ అంచు దగ్గరే. మన పెళ్లి వీడియోలో చివరన ఏముంటాయో తెలుసుగా... అప్పగింతలు! జీలకర్రా బెల్లం దగ్గర బొమ్మ బాగుందని డ్రైవు మూసేస్తే, నాన్న ఏడ్చిన ఘట్టం వచ్చిందో లేదో తెలియదు.

మధ్యలో ఆగిపోతే కంగారు వద్దు. ఒక డ్రైవు చదవలేని డిస్కును ఇంకో డ్రైవు చదవడం మామూలే. పక్కింటివారి పాత కంప్యూటర్లో ప్రయత్నించండి. చదివే వేగం తగ్గిస్తే కొన్ని దారికొస్తాయి. వీసీడీలో మామూలు డేటా సీడీ కంటే తప్పులు దిద్దుకునే ఏర్పాటు తక్కువ, చిన్న గీతకే కాపీ నిలిచిపోతుంది. డీవీడీ అలా నిలిచిపోతే ‘డీడీరెస్క్యూ’ లాంటి ఉచిత ప్రోగ్రామ్ ముందు చదవగలిగినంతా లాగేసి, పాడైన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. కంప్యూటర్ తెలిసిన కుర్రాడికి అప్పగించండి. టూత్‌పేస్టు రుద్దే చిట్కా మాత్రం వద్దు. అది అరగదీసే పదార్థం.

హ్యాండీక్యామ్‌తో ఇంట్లోనే తీసుకున్న చిన్న డిస్కులు, అంటే ఎనిమిది సెంటీమీటర్లవి ఉన్నాయా? వాటిని కెమెరాలోనే ‘ఫైనలైజ్’ చేయాలి. చేయకపోతే కంప్యూటర్ ‘ఖాళీ డిస్కు’ అంటుంది, ఫార్మాట్ చేయనా అనీ అడుగుతుంది. పొరపాటున కూడా ఒప్పుకోకండి. బారసాల అంతా లోపలే ఉంది! కెమెరా దొరికితే బాగుచేయొచ్చు, లేకుంటే డేటా వెలికితీసేవారి దగ్గరికెళ్లాలి.

నిండు డీవీడీ ఒక్కోటి 4.7 జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్కులో అలాంటివి రెండొందలు పడతాయి. మీ ఇంటివే కాదు, మొత్తం వంశానివి పట్టేస్తాయి. అయితే హార్డ్‌డిస్కూ ఒక రోజు చెడిపోయేదే. రెండు కొనండి, రెండోది వేరే ఊళ్లో ఉన్న అన్నయ్యగారింట్లో పెట్టండి. పెన్‌డ్రైవు మీద భారం వేయకండి, అది ఇచ్చిపుచ్చుకోడానికే తప్ప ఏళ్ల తరబడి దాచడానికి కాదు.

కొనుక్కున్న సినిమా డిస్కుల మాటేమిటంటారా? వాటిలో చాలా డీవీడీలకు తాళం ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఆ తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష పెట్టారు. ఆ సినిమాల్ని దాచేవాళ్లు వేరే ఉన్నారు. మీ మేనత్త నవ్వును దాచేది మీరే.

చివరిగా ఒక చిన్న పని. కాపీ చేసిన ఫోల్డర్‌కు ‘వీడియో 1’ అని కాకుండా ఎవరి పెళ్లో, ఏ ఊళ్లోనో, ఏ తేదీనో పేరు పెట్టండి. ఒక ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని బంతి భోజనాల దగ్గర ఆపి ఆపి చూడండి. ఎడమ నుంచి మూడో ఆయన ఎవరు, నీలం చీరావిడ మనకేమవుతుంది అని అడిగి ఎన్నో నిమిషంలో ఎవరున్నారో రాసి అక్కడే పెట్టండి. ఆ పేర్లు డిస్కులో లేవు, అమ్మకో బాబాయికో గుర్తున్నాయంతే. కాపీ అయిపోయిందని పాత డిస్కుల్ని తోటలో పిట్టల్ని తోలడానికి వేలాడదీయకండి. ఇవాళ చదవలేని ముక్క రేపు ఇంకో డ్రైవులో రావచ్చు. డబ్బాలోనే, ఎండ తగలని చోట, నిలబెట్టి ఉంచండి.