ఫోనుకు తెలుగు రాదా? మనకు అక్కరలేదా?

కొత్త ఫోను కొని మొదటిసారి తెరవగానే అది మనలను అడిగే తొలి ప్రశ్న, ఏ భాషలో మాట్లాడమంటారు అన్నదే. వైఫై, పేరు, తాళంపదం అన్నీ ఆ తరువాతివే. ఆ భాషల పట్టికలో తెలుగు ఉంటుంది. అయినా దుకాణంలోని కుర్రవాడు మనలను అడగకుండానే ఇంగ్లీషు మీద వేలు పెడతాడు. అది అతని హక్కయినట్లు మనం చూస్తూ ఊరుకుంటాము. పైగా ఇంటికి వచ్చి, "ఈ ఫోన్లలో తెలుగు ఎక్కడ వస్తుందండీ!" అని నిట్టూరుస్తాము. ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే.

ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది, కాదనను. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, అది సామాన్యుని బల్ల మీదికి రావడానికి చాలా కాలం పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి ఉండేది గాని, వత్తులు కుదురుగా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి, భాషల విభాగంలో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి, యంత్రాన్ని ఆపి మళ్లీ నడపవలసి వచ్చేది. ఆ సీడీ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆనాటి సాకు సాకే అయినా, దానికి కాళ్లుండేవి.

ఈనాడు దానికి కాళ్లు లేవు. విండోస్‌లో సెట్టింగులు తెరిచి, కాలము, భాష అన్న విభాగంలో తెలుగును చేర్చితే చాలు. ఆపైన విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కితే కీబోర్డు భాష మారుతుంది. అక్షరాల చోట్లు నేర్చుకోలేమనేవారి కోసం 2019 మే నాటి విండోస్ 10 నవీకరణలో, ఉచ్చారణను బట్టి రాసే తెలుగు కీబోర్డును కూడా ఇచ్చారు. నేర్చుకునే ఓపిక ఉన్నవారికి ఇన్‌స్క్రిప్ట్ ఎలాగూ ఉంది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. మన వర్ణమాల ఎరిగినవారు కూర్చిన పద్ధతి అది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగుల పైన ఉండే వెతుకుడు గడిలో లాంగ్వేజ్ అని ఇంగ్లీషులో కొడితే దారి అదే చూపుతుంది. ఐఫోను మాత్రం మనలను చాలాకాలం నిలబెట్టింది. దాని మెనూలకు తెలుగు 2025లో, ఐఓఎస్ 18.4తో గాని రాలేదు. వచ్చింది కదా, ఇక చెప్పవలసిన సాకేమిటి?

"ఆ తెలుగు అర్థం కాదండీ" అంటారు. ఈ ఆక్షేపణలో పస ఉంది. ఒకచోట సెట్టింగులు, మరొకచోట అమరికలు. కొన్ని వాక్యాలు తెలుగు మాటలతో నడిచే ఇంగ్లీషు. ఇందులో మా పండితవర్గానికీ పాలుంది. బ్యాటరీని బ్యాటరీ అంటే మైలపడిపోతామన్నట్లు, ఎవరి నోటా నడవని సమాసాలు పోతపోసినవారు మాలో తక్కువేమీ లేరు. కాని అనువాదం బాగుపడాలంటే ముందు దానిని ఎవరో ఒకరు చదవాలి కదా! వాడేవారు లేని భాషలో తప్పులు ఎవరి కంటా పడవు.

"మారిస్తే వెనక్కు రావడం తెలియదు" అని మరికొందరి భయం. మాటలు మారుతాయి గాని గుర్తులు మారవు. భాషల పట్టికలో ఇంగ్లీషు పేరు ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటుంది. బ్యాంకు లావాదేవీ ఇంగ్లీషులోనే కావాలా? 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుండి, అందుకు వీలిచ్చే యాప్‌లకు విడివిడిగా భాష ఎంచుకోవచ్చు. అక్షరాలు చిన్నవై వత్తులు అలుక్కుపోతే అదే సెట్టింగులలో, డిస్‌ప్లే విభాగంలో, అక్షరాల పరిమాణం పెంచుకోండి. కళ్లజోడు మార్చడం కంటే అది చవక.

ఇదంతా భాషాభిమానం కోసమే చెబుతున్నానని అనుకోకండి. ఒక యాప్ మన పరిచయాల జాబితాను, మైకును, మనమున్న చోటును తెలుసుకోవడానికి అనుమతి అడుగుతుంది. ఫోను ఇంగ్లీషులో ఉంటే ఆ ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది. ఇంగ్లీషు రాని తల్లి చదవలేక, ఎదురుగా కనబడిన మీట నొక్కుతుంది. అది అనుమతి కాదు, అజ్ఞానం మీద వేయించుకున్న వేలిముద్ర. వేలిముద్రల కాలం పోవాలని ఊరూరా బడులు పెట్టుకున్నాము. అక్షరాలు నేర్చినవారి చేతనే మళ్లీ వేలిముద్ర వేయిస్తున్నాము. ఆమె ఫోను తాళంపదం పక్కింటి కుర్రవాడికి తెలుసు, ఏదైనా చెడితే బాగుచేసేది అతడే గనుక. తన ఫోను తాను చదువుకోగలిగితే సగం పనులకు అతని అవసరమే ఉండదు.

ఇక చదువుకున్నవారి సంగతి. వీరు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో కొడతారు. అక్కడ కలకు, కళకు భేదం లేదు. మాతకు, మాటకు తేడా తెలియదు. చదివేవాడు సందర్భాన్ని తడుముకుంటూ పోవాలి. ఇంత శ్రమ ఎదుటివాడి నెత్తిన రుద్దడం కంటే కీబోర్డుకు ఒక భాష చేర్చుకోవడం కష్టమా?

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. జ్ఞకు దీర్ఘం చేర్చేచోట కంటికి కనబడని ఒక గుర్తు పడితే, ఆ సందేశం అందిన ఐఫోనులో యాప్‌లు కుప్పకూలాయి. లోకమంతా దానిని తెలుగు అక్షరం చేసిన పనిగా చెప్పుకున్నది. దోషం అక్షరానిది కాదు, దానిని తెరపై కూర్చలేని ప్రోగ్రాముది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో 8 కోట్ల 11 లక్షల మందికి మాతృభాష ఇది. అందరమూ మన లిపిలోనే రాస్తూ, తప్పు కనబడినప్పుడల్లా ఫిర్యాదు చేస్తూ ఉంటే ఇటువంటివి ముందే బయటపడవా?

సంక్రాంతికి ఊరు వెళ్లే అమ్మాయిలారా, అబ్బాయిలారా! చీరలు, మిఠాయిలు సరే. ఈసారి అమ్మ పక్కన కూర్చుని, ఆమె ఫోను ఆమె చేతిలోనే ఉంచి, భాష మార్చడం ఆమె చేతనే చేయించండి. తాళంపదం కూడా కొత్తది పెట్టించండి. అది మీకు కూడా చెప్పనక్కరలేదు.