సర్టిఫికెట్ వచ్చింది సరే, కథేదీ?

మన ఐటీ జనాలకి ఒక పాత జబ్బుంది. ఏది నేర్చుకోవాలన్నా ముందు కోర్సు కొంటాం. జావా అయినా అంతే, క్లౌడ్ అయినా అంతే, ఇప్పుడు కథలు రాయడమైనా అంతే. ఈ మధ్య నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో "కథలు రాయడం నేర్చుకుంటున్నాను" అనేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ "ఏదీ, రాసింది ఒకటి చూపించండి" అన్నామనుకోండి, "ఇంకా మూడో మాడ్యూల్లోనే ఉన్నానండీ" అంటారు. ఆరు నెలలాగి మళ్ళీ అడిగితే ఇంకో కోర్సులో మొదటి మాడ్యూల్లో ఉంటారు!

ముందే చెప్పేస్తున్నా, ఆన్‌లైన్లో నేర్చుకోవడం దండగ అని నేననడం లేదు. ఒకప్పుడు అమెరికా వెళ్ళి ఫీజు కడితే తప్ప దొరకని పాఠాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే దొరుకుతున్నాయి. బ్రాండన్ శాండర్సన్ అనే ఫాంటసీ రచయిత యూనివర్సిటీలో చెప్పిన క్లాసులు యూట్యూబ్‌లో ఊరికే చూడొచ్చు. చూడండి, మంచిదే. నా గొడవల్లా రెండు విషయాలతో. ఒకటి, చూడటాన్నే రాయడం అనుకుంటున్నాం. రెండు, ఎక్కడివో అచ్చులు తెచ్చుకుని మన కథని వాటిల్లో పోస్తున్నాం.

మొదటిది తీసుకుందాం. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు తీసి 2019లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వేశారు. 2017-18లో చేరినవాళ్ళలో కోర్సు పూర్తి చేసింది సుమారు 3 శాతం మంది. ఇవి చాలామటుకు తప్పో ఒప్పో వెంటనే తేలిపోయే క్విజ్‌లున్న కోర్సులు. మరి తప్పొప్పులే తేలని కథల కోర్సు సంగతేంటి? అక్కడ పూర్తి చేసిన ఆ కొద్దిమందికీ ఏం వచ్చినట్టు?

కోడ్‌లో తప్పుంటే కంపైలర్ మొహమ్మీదే చెప్తుంది. అది వదిలేసినా టెస్టులు పట్టుకుంటాయి. అవీ వదిలేస్తే అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయి ఫోనొస్తుంది. కథకి ఇవేవీ లేవు. పరమ చెత్త కథ కూడా శుభ్రంగా సేవ్ అవుతుంది. అది నడిచిందో, మూడో పేరాలోనే కూలబడిందో చెప్పగలిగేది చదివేవాడొక్కడే. అదీ మొహమాటం లేని చదువరి. వీడియో మీకు అన్నీ ఇస్తుంది గానీ ఆ చదువరిని మాత్రం ఇవ్వదు.

ఈ కోర్సులన్నిటికీ తాతలాంటిది అయోవా యూనివర్సిటీలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్. అక్కడి పద్ధతి ఏంటి? ఒకరు రాసింది మిగతావాళ్ళు ముందే చదువుకొచ్చి, బల్ల చుట్టూ కూర్చుని దాని గురించి మాట్లాడతారు. అంటే మన భాషలో కోడ్ రివ్యూ అన్నమాట. రాయడం అనేది నేర్పితే వచ్చేది కాదు, రాసేవాళ్ళని ప్రోత్సహించగలం అంతే అని ఆ వర్క్‌షాప్ వాళ్ళే చెప్పుకున్నారు. మనం మాత్రం ఆ బల్లనీ, చుట్టూ మనుషుల్నీ తీసేసి, లెక్చర్ ఒక్కటే ఉంచుకుని, దాన్ని కూడా ఒకటిన్నర స్పీడులో చూస్తున్నాం!

"ఆ రివ్యూ ఏదో చాట్‌జీపీటీ చేస్తుందిగా" అంటారు కొందరు. చేస్తుంది. అక్షరదోషాలు కూడా చెప్తుంది. కానీ దానికి విసుగు రాదు. మధ్యలో ఆపేసి ఫోన్ చూసుకోదు. కథకి మొదటి పరీక్ష ఆ విసుగే. విసుగు రానివాడి మెప్పు ఏం చేసుకుంటాం?

ఇక రెండోది, అచ్చుల గొడవ. ఆన్‌లైన్ పాఠాల్లో మాటిమాటికీ వినపడే మూడంకాల నిర్మాణం, ఇన్నో పేజీలో మలుపు రావాలి లాంటి సూత్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎప్పుడైనా చూశారా? చాలామటుకు హాలీవుడ్ స్క్రీన్‌ప్లే పుస్తకాల్లోంచి. సిడ్ ఫీల్డ్ 'స్క్రీన్‌ప్లే' 1979 నాటిది. బ్లేక్ స్నైడర్ 'సేవ్ ద క్యాట్' 2005లో వచ్చింది, అందులో సినిమా కథకి 15 మెట్లు వరసగా లెక్కగట్టి పెట్టాడు. అవి రెండు గంటల సినిమా కోసం కట్టిన మెట్లు. మన తెలుగు కథ వారపత్రికలో నాలుగైదు పేజీలు. రెండు గదుల ఇంటికి ఆరంతస్తుల ప్లాన్ తెచ్చి, లిఫ్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాం.

అన్నిటికన్నా అసలైన చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషు పాఠంలో కథ ఎవరి చూపులోంచి చెప్పాలో గంటసేపు చెప్తారు. వాళ్ళకి 'హి' అంటే సరిపోతుంది. తెలుగులో మొదటి వాక్యం దగ్గరే మీరు తేల్చుకోవాలి. వాడు వచ్చాడా, అతను వచ్చాడా, ఆయన వచ్చారా? ఆమె వచ్చిందా, ఆవిడ వచ్చిందా, అది వచ్చిందా? ఈ ఒక్క మాటతో చెప్పేవాడి వయసు, కులం, కోపం, చనువు అన్నీ బయటపడిపోతాయి. ఆపై మీ పాత్ర శ్రీకాకుళంలో మాట్లాడుతుందా, చిత్తూరులోనా, కరీంనగర్‌లోనా? ఆఫీసులో సగం ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఇంటికి ఫోన్ చేసి ఏ యాసలోకి దిగుతాడు? ఏ ఇంగ్లీషు కోర్సూ మిమ్మల్ని ఈ ప్రశ్న అడగదు. అది వాళ్ళ తప్పు కాదు, అడగాల్సింది మనమే.

"మరి తెలుగులో కోర్సులు లేవు కదండీ" అని పెద్ద సాకు ఒకటుంది. కోర్సు అనే బోర్డు కట్టుకోలేదంతే. కాళీపట్నం రామారావు మేష్టారు కొత్తగా రాసేవాళ్ళ కోసమే 'కథాకథనం' రాశారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' ఉంది, దానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. కారా మేష్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. అక్కడ పోగైన కథల్ని వేల సంఖ్యలో స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, పైసా ఖర్చు లేదు. అంతకన్నా పెద్ద ఆన్‌లైన్ స్కూలు ఎవడు కట్టగలడు? కాకపోతే చివర్లో సర్టిఫికెట్ ఇవ్వరు, లింక్డిన్‌లో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. అదే మన బాధ కాబోలు!

ఆ మాటకొస్తే మన పెద్ద కథకులు చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే రాశారు. కారా స్కూలు మేష్టారు. పాలగుమ్మి పద్మరాజు గారు కాలేజీలో లెక్చరర్‌గా చేశారు, ఆయన 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి కొట్టింది. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరు. ఆయన రోజూ నిలబడ్డ కోర్టులూ, అక్కడికొచ్చే సారా కేసుల మనుషులే 'ఆరు సారా కథలు' అయ్యారు. తన పని చుట్టూ ఉన్న లోకాన్ని చెవిపెట్టి విన్నాడు, రాశాడు.

మరి మన లోకం ఎవరు రాయాలి? బెంచి మీద కూర్చున్నవాడి భయం, ఒక మెయిల్‌తో ఉద్యోగం పోయి సాయంత్రం దాకా ఇంట్లో చెప్పనివాడి మౌనం, గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి తండ్రి ఆఖరి చూపుకి రాలేకపోయినవాడు, మాధాపూర్ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకుంటూ చెల్లెలి ఫీజు కట్టే అమ్మాయి. లక్షల మంది ఇలా బతుకుతుంటే, మనలో కలం పట్టినవాళ్ళు చాలామంది చూడని పల్లెటూరి గురించో, లేకపోతే డ్రాగన్ల గురించో రాస్తున్నారు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఈ జనం ఎలా బతికారు అని తెలుగులో వెతికితే మన జీతాల లెక్కలు దొరుకుతాయి, మనం దొరకం.

కాబట్టి ఇంకో కోర్సు కొనేముందు ఒక పని చెయ్యండి. నలుగురు పోగవ్వండి. ఒకరు హైదరాబాదు, ఒకరు డల్లాస్ అయినా పర్లేదు, జూమ్ ఉన్నది ఎందుకు? పదిహేను రోజులకోసారి కలవండి. కథానిలయం నుంచి ఒక కథ అందరూ చదివి రావాలి, మొదటి పేరాలో ఏం చెప్పాడో, ఏం దాచాడో పట్టుకోవాలి. తర్వాత మీలో ఒకరి కథ. మిగతా ముగ్గురూ మాట్లాడేటప్పుడు రాసినవాళ్ళు నోరెత్తకూడదు. "సూపర్" అనే మాట నిషేధం. ఎక్కడ విసుగొచ్చిందో, ఏ మాట ఆ పాత్ర నోట్లోంచి రాదో చెప్పాలి. అదే కథ తిరగరాసి మళ్ళీ తేవాలి.

ఇలా ఏడాది చేస్తే గొప్ప కథకులైపోతారని నేను హామీ ఇవ్వను. చేతిలో తిరగరాసిన నాలుగైదు కథలుంటాయి. నాలుగైదు సర్టిఫికెట్లకన్నా అది మెరుగు కాదంటారా? కాదనేవాళ్ళు వాదనకి రావచ్చు, కాకపోతే వచ్చేటప్పుడు రాసిన కథొకటి వెంట తెచ్చుకోండి.