వ్యసన విముక్తికి సహవాసం

మద్యపాన దోషాన్ని తెలుగు సాహిత్యం ఆదికాలం నుంచే హెచ్చరించింది. నన్నయ ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని కచుని కథ అందుకు నిదర్శనం. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునిచేత తాగించారు. జరిగిన ఘోరాన్ని తెలుసుకున్న శుక్రుడు సురాపానాన్ని మహాపాతకంగా శాసించాడు. నీతికోవిదులు ఎందరో ఉండగా, ఆ హెచ్చరిక తాగి నష్టపోయినవాని నోటినుంచే వెలువడడం గమనార్హం. అనుభవించినవాని మాటకున్న బలం ఉపదేశకుని మాటకు ఉండదు.

శాసనంతో మద్యాన్ని అరికట్టే ప్రయత్నం ఆధునిక కాలంలోనూ జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సాగించిన సారా వ్యతిరేకోద్యమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా వ్యాపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం తొలగిపోయింది. ఆ మహిళల పోరాటం చిరస్మరణీయం. అయితే దుకాణాన్ని మూయించగల శాసనం, తాగనిదే చేతుల వణుకు తగ్గని మనిషి పక్కన తోడుగా కూర్చోజాలదు.

మద్యవ్యసనం కేవలం గుణదోషం కాదు. చికిత్స అవసరమైన వ్యాధి అని వైద్యశాస్త్రం చెబుతున్నది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం సమస్యకు సహాయం అవసరమైనవారు 5.7 కోట్లకు పైగా ఉన్నారు. మద్యానికి పూర్తిగా బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. మిగిలినవారు ఎందుకు రావడం లేదు?

సికింద్రాబాదు కంటోన్మెంటు చేరువలోని యాప్రాల్‌ను తలచుకుంటే ఒక కారణం బోధపడుతుంది. పదవీ విరమణ చేసిన సైనికులు, ఉద్యోగులు, దినకూలీలు ఇరుగుపొరుగుగా జీవించే ప్రాంతమది. ఇటువంటి చోట పరువుగల ఇంట తాగుడు ఒక రహస్యం. పేద ఇంట అది వీధికెక్కిన కలహం. రెండిళ్లలోనూ భయం ఒక్కటే: నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురికీ వెరచి తండ్రి వైద్యుని వద్దకు వెళ్ళడు. తల్లి పుట్టింటివారికైనా చెప్పదు. పిల్లలు స్నేహితులను ఇంటికి పిలవరు.

ఈ సిగ్గుకు విరుగుడుగా పుట్టినదే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అనే సంఘం. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరానికి వ్యాపారం పనిమీద వచ్చిన బిల్ విల్సన్, ఆ పని విఫలమై మళ్ళీ తాగుతానేమోనని భయపడ్డాడు. తనవంటి మరొక వ్యసనపరునితో మాట్లాడాలని వెదకి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుని కలుసుకున్నాడు. ఎదుటివానిని ఉద్ధరించాలని కాదు, తాను నిలబడాలని వెళ్ళాడు. ఇద్దరూ నిలబడ్డారు. ఈ సంఘానికి మూలసూత్రం ఇదే: ఇక్కడ ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు వేరు కారు.

సభ్యత్వానికి రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటిపేరు, హోదా చెప్పనక్కరలేదు. ఒకరు తన గతాన్ని వివరిస్తుంటే తక్కినవారు అడ్డు తగలక వింటారు. జీవితాంతం తాగనని శపథం చేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండమంటారు. అధికారి, కూలీ ఒకే వరుసలో కూర్చుంటారు.

జంటనగరాల్లోనూ ఇటువంటి సభలు జరుగుతున్నాయి. వ్యసన విముక్తికై ఉన్న ఉచిత సహాయవాణి 14446కు గాని, మానసిక ఆరోగ్య సహాయానికై ఏర్పడిన టెలిమానస్ 14416కు గాని ఫోన్ చేసి సలహా పొందవచ్చు. సభ ఏ భాషలో జరుగుతుందో ముందే అడగడం మేలు. దుఃఖం మాతృభాషలోనే తేటగా పలుకుతుంది. పొరుగువారి కంటపడకుండా దూరపు సభకు వెళ్ళాలనుకోవడం సహజం. కాని రెండు బస్సులు మారి వెళ్ళవలసిన చోటికి వానరోజున వెళ్ళడం కష్టం. మనసు చలించేదీ అటువంటి రోజునే. అందుకే సభ ఇంటికి దగ్గరగా ఉండాలి. అది దగ్గరగా ఉండాలంటే పొరుగువారి చూపు మారాలి.

సభ వైద్యానికి ప్రత్యామ్నాయం కాదన్నది మరువరాదు. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం సంభవించవచ్చు. అట్టివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. ఆ సంఘం మాటల్లో దైవప్రస్తావన ఉన్నదని కొందరు సందేహిస్తారు. అది ఏ మతానికీ చెందినది కాదు. దైవాన్ని ఎలా భావించాలో ఎవరికివారే నిర్ణయించుకోవచ్చు. అయినా ఆ మార్గం నచ్చనివారికి వైద్యుల సలహా, ఇతర చికిత్సా విధానాలు ఉన్నాయి. 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, మద్యానికి పూర్తిగా దూరంగా ఉంచడంలో ఈ సంఘ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదనీ, కొన్నిచోట్ల మిన్న అనీ తేల్చింది.

వ్యసనపరుల కుటుంబాలకు 'అల్-అనాన్' అనే ప్రత్యేక సంఘం 1951 నుంచి పనిచేస్తున్నది. తండ్రి తాగుడుకు బిడ్డ కారణం కాదు; దాన్ని మాన్పించే భారం కూడా బిడ్డది కాదు. అటువంటి ఇంటినుంచి వచ్చే విద్యార్థి తలవంచుకోనక్కరలేదు. నమ్మిన అధ్యాపకునితోనో, బంధువుతోనో చెప్పుకోవడం పరువుతక్కువ కాదు.

తాగి తూలుతున్నవాని చూసి నవ్వడం సులువు. తాగుడు మానడానికి సభ మెట్లెక్కుతున్నవాని చూసి కూడా నవ్వే సమాజం, అతణ్ణి తిరిగి దుకాణానికే పంపుతుంది. ఆ మెట్లవద్ద ఎదురైన పొరుగువాడు ఎప్పటివలె పలకరించి సాగిపోతే చాలు. ఆ పలకరింపు చేయగలిగినంత మేలు ఏ శాసనమూ చేయలేదు.