వృద్ధియా, చౌర్యమా?

స్థూల దేశీయోత్పత్తి పెరిగినచో దేశము పురోగమించినట్లేనని పండితమ్మన్యులు ఘోషించుచున్నారు. అడవిని నరికి అమ్మిన కలప వెల ఆ గణనలో చేరును. నశించిన అడవి తరుగుగా చేరదు. ఎండిన బోరును మరింత లోతునకు త్రవ్వించిన వ్యయమును వృద్ధియేనట! జాతీయాదాయ గణనమునకు ఆద్యులలో ఒకడైన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, దానినిబట్టి ప్రజాక్షేమమును నిర్ణయింపజాలమని అమెరికా సెనేటునకు విన్నవించెను.

యజ్ఞచక్రమును వివరించుచు గీత మూడవ అధ్యాయము, పొందినదానిని తిరిగి అర్పింపక భుజించువాడు దొంగయేయని తేల్చినది. ‘పేదవాని ఆకలి మాటేమి?’ అందురేమో. అది తీర్చవలసినదే. ఆకలికి అవధి కలదు, లోభమునకు లేదు.

భూటాను తన 2008 నాటి రాజ్యాంగమునందే భూభాగమున నూటికి 60 వంతులకు తక్కువ కాకుండ అడవి ఉండవలెనని శాసించుకొనినది. మనమో, ఆలయమున అశ్వత్థమునకు ప్రదక్షిణము చేసి, వెలుపల దానిని కూల్చు వృద్ధికి జేజేలు పలుకుచున్నాము.

ఆస్తికులారా! ఎంత పెరిగితిమని కాదు, భూమాత నుండి తీసినదెంత, తిరిగి ఇచ్చినదెంత అని పాలకులను అడుగుడు. ఆ లెక్కయే ధర్మము.