కంచె మొదలు కనబడాలి

ఈ పత్రికలో మేము ఇంతవరకు బి.పి. గురించి, షుగరు గురించి, పసిపిల్లల టీకాల గురించి వ్రాస్తూ వచ్చాము. ఈసారి కంచె గురించి వ్రాస్తున్నాము. నర్సులకు కంచెలతో పనేమిటని మీరు అనుకోవచ్చు. వానాకాలంలో ఒక్క రాత్రి మా క్యాజువాలిటీలో కూర్చుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. ఇంటి చుట్టూ గుబురుగా పెరిగిన కంచెను కత్తిరించడం అందం కోసం చేసే పని కాదు. వాకిలి ఊడవడం, నీళ్ళ తొట్టి కడగడం ఎలాంటివో ఇదీ అలాంటిదే. కానీ మన ఊళ్ళలో కంచె జోలికి ఎప్పుడు వెళ్తారు? క్రిస్మస్‌కో సంక్రాంతికో గోడలకు సున్నాలు వేసేటప్పుడు. చుట్టాలు వస్తారు గనుక పైపైన సమంగా కత్తిరించి వదిలేస్తారు. అప్పటికి వానలు వెళ్ళిపోయి ఉంటాయి. అసలు కత్తిరించవలసిన సమయం జూన్ నెల ముందు, ప్రకాశం బ్యారేజీ నుంచి మన కాలువలకు నీళ్ళు వదలక ముందు.

ఎందుకంటే మనది డెల్టా. కాలువలు నిండి, పొలాల్లో దమ్ములు మొదలయ్యాక గట్ల కింద బొరియలలోకి నీళ్ళు చేరతాయి. ఎలుకలు పొడి నేల వెతుక్కుంటూ ఇళ్ళ వైపు వస్తాయి. వాటి వెనుకనే పాములు వస్తాయి. పొడిగా, చీకటిగా, ఎవరూ కదిలించని చోటు మన దొడ్డి కంచె మొదలు కంటే ఇంకేమి దొరుకుతుంది? 2018 ఆగస్టులో మన పక్కనే దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వంద మందికి పైగా కాటుకు గురయ్యారని అప్పటి పత్రికలు వ్రాశాయి. ఆ నెలాఖరులో అధికారులే మోపిదేవి గుడిలో సర్పశాంతి పూజలు చేయించారు. ఎవరి విశ్వాసం వారిది, దాని గురించి మేము మాట్లాడము. కానీ పూజ చేయించినవారైనా, ప్రార్థన చేసుకున్నవారైనా, ఇంటికి వచ్చి దొడ్లో తుప్పలు కొట్టవలసిందే.

పాముకాటు చిన్న సమస్య అనుకోవద్దు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 2000 నుండి 2019 వరకు సుమారు పన్నెండు లక్షల మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2024లో కేంద్ర ప్రభుత్వం ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది. మందులు, శిక్షణ, లెక్కలు ప్రభుత్వం చూసుకోవాలి. మన కంచె మాత్రం ఢిల్లీ నుంచి వచ్చి ఎవరూ కత్తిరించరు.

మా వార్డులో చూసిన ఒక సంగతి చెప్తాము. ఒక ఇంటామె చీకటి పడ్డాక దొడ్లోకి వెళ్ళింది. దారి పక్కనే గోరింటాకు కంచె, మనిషి ఎత్తు, మొదళ్ళు కనబడనంత దట్టంగా ఉంది. రక్తపింజరి కరిచింది. ఇంట్లోవాళ్ళు కాలికి తాడు బిగించి కట్టి, ముందు మంత్రం వేసేవారి దగ్గరకు తీసుకువెళ్ళి, ఆ తరువాత మా దగ్గరకు తెచ్చారు. అప్పటికే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టి పెద్దాసుపత్రికి పంపించాము. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయవలసి వచ్చింది. దేవుని దయవల్ల బ్రతికింది. ఆమెను పంపించిన రాత్రి మా వార్డు గుమ్మం దగ్గరే రెండు కుటుంబాలవారు గొడవపడ్డారు. కంచె పక్కింటివారిది. రెండు నెలలుగా కత్తిరించమని అడుగుతూనే ఉన్నారట. "కంచె మాది, కొమ్మలు మీవైపు వస్తే మీరే కొట్టుకోండి" అని వాళ్ళు. "మేము ముట్టుకుంటే మా మీద తగాదా పెట్టుకుంటారు" అని వీళ్ళు. మా సిస్టర్లు ఇద్దరినీ బయటకు పంపవలసి వచ్చింది.

ఈ తగాదా మనందరి ఇళ్ళలోనూ ఉన్నదే. కంచె ఒకరిది, పాము అందరిది. మాకు తోచినది ఏమిటంటే, ఏది ఎవరి భూమి అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఇద్దరూ ఒకే రోజు ఒకే కూలి మనిషిని పెట్టుకుని రెండు వైపులా కొట్టించి, ఖర్చు చెరిసగం పంచుకోవడం మేలు. ఒకవైపే కొడితే లోపలి ఆకుల చెత్త అలాగే ఉండిపోతుంది. కంచె వీధిలోకి వస్తే పంచాయతీలో చెప్పండి. చెప్పే ముందు ఆ ఇంటివారితో ఒక్కసారి మంచిగా మాట్లాడండి. ఇంట్లో ముసలివాళ్ళే ఉండి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. వారికి కావలసినది నోటీసు కాదు, కత్తి పట్టే మనిషి.

కంచె కత్తిరించమంటే ఆడవాళ్ళు వద్దంటారు. ఈ మాట మగవాళ్ళు సరిగా వినరు గనుక మేము గట్టిగా చెప్తున్నాము. మరుగుదొడ్డికి తలుపు సరిగా లేని ఇంట్లో, స్నానానికి నాలుగు తాటాకులు అడ్డం పెట్టుకునే ఇంట్లో ఆ గుబురు కంచే వాళ్ళకు మరుగు. దానిని ఒక్క పూటలో కొట్టిపడేసి "శుభ్రం చేశాము" అంటే సరిపోదు. ముందు తడిక కట్టండి, తలుపు పెట్టించండి, దారిలో ఒక బల్బు వేయించండి. ఆ తరువాత కంచె మీద చెయ్యి వేయండి.

కొట్టమన్నాము గదా అని మొదలంటా నరికేయవద్దు. మే నెల ఎండల్లో ఆ మాత్రం నీడ, పచ్చదనం మనకు కావాలి. ఛాతీ ఎత్తుకు తగ్గించి, నేల నుంచి అడుగు ఎత్తు వరకు కింది కొమ్మలు తీసేస్తే చాలు. వంగి చూస్తే కంచె అవతలి నేల కనబడాలి. మేకలు, కోళ్ళు దూరతాయని భయమైతే కింద రెండు వెదురు బద్దలు అడ్డంగా కట్టండి. మొదళ్ళలో ఇటుకలు, పాత పెంకులు, పుల్లల మోపులు పేర్చవద్దు. కొట్టిన కొమ్మలను కంచె పక్కనే కుప్ప వేసి నెల రోజులు వదిలేసేవారిని చూస్తున్నాము. కంచెకంటే ఆ కుప్పే ప్రమాదం. అదే రోజు తీసివేయించండి. తగలబెట్టవద్దు, ఆయాసం ఉన్నవారికి ఆ పొగ చాలు మా దగ్గరకు రావడానికి. గొయ్యి తీసి కప్పితే ఎరువవుతుంది.

ఇక పనికి వచ్చే మనిషి సంగతి. అడిగిన కూలి ఇస్తున్నాము గదా అనుకుంటాము. అతను వట్టి కాళ్ళతో, వట్టి చేతులతో ఆ గుబురులోకి దిగుతాడు. ముందుగా పొడవాటి కర్రతో కంచెను తట్టి, నేల మీద చప్పుడు చేసి, కాసేపు ఆగాలి. కాళ్ళకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు మీరే ఇవ్వండి. ఒక జత బూట్లు ఇరుగుపొరుగు పది ఇళ్ళకూ పనికివస్తాయి. జెముడు, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. వెంటనే పావుగంటకు తక్కువ కాకుండా మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి తీసుకురండి, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయకండి. కరెంటు తీగకు దగ్గరగా ఉన్న కొమ్మను ఇనుప దోటితో లాగవద్దు. లైన్‌మ్యాన్‌కు చెప్పండి.

కంచెకు ఏ మొక్క వేశారో కూడా చూసుకోండి. పచ్చగన్నేరు పూలు బాగుంటాయని గేటు పక్కన వేస్తారు. దాని గింజ తింటే గుండె లయ తప్పుతుంది. నేపాళం గింజలు వేరుశనక్కాయల్లా ఉన్నాయని తిని, వాంతులు విరేచనాలతో పిల్లలు వస్తారు. బడి చుట్టూ, చిన్నపిల్లలున్న ఇంటి చుట్టూ ఈ రెండూ ఉండకూడదని మా ఖచ్చితమైన అభిప్రాయం. గోరింట, మందార, నూరువరహాలు ఉండగా వీటితో పనేమిటి?

దోమల విషయంలో కంచెను అనవసరంగా నిందించకూడదు. డెంగీ దోమ ఆకుల నీడలో విశ్రాంతి తీసుకుంటుంది గాని గుడ్లు పెట్టేది నిలవ నీటిలో. ఆ నీరు కంచె మొదట్లో మనం విసిరిన కొబ్బరి చిప్పలో, టీ కప్పులో ఉంటుంది. తుప్పల్లో ఉండే ఒక సన్నని పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా వస్తుంది. జ్వరంతో పాటు చంకలోనో, గజ్జలోనో, నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని మచ్చ ఉంటే దాచకుండా డాక్టరుగారికి చూపించండి. తొందరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది.

ఇదంతా జరిగే పనేనా అని అడిగేవారికి మన చల్లపల్లి రోడ్లనే చూపిస్తాము. 2014 నవంబరు 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి గార్లు, జన విజ్ఞాన వేదిక మిత్రులు, ఊరివారు కలిసి స్వచ్ఛ చల్లపల్లి మొదలుపెట్టారు. తెల్లవారకముందే చీపుర్లు, కత్తులు పట్టుకుని రోడ్డు మీదకు వచ్చి, ముక్కు మూసుకుని నడిచే దారుల పక్కన మొక్కలు పెంచారు. మాకు అందులో నచ్చినది మొక్కలు నాటడం కంటే నాటిన తరువాత చేసే పని. పెరిగిన కొమ్మలు కత్తిరించడం, పిచ్చిమొక్కలు పీకడం, కొట్టినదంతా ట్రాక్టరుకు ఎత్తడం. ఫొటోకు పనికివచ్చే పని కాదది, ప్రతి సంవత్సరం మళ్ళీ మళ్ళీ చేయవలసిన పని. అయితే ఆ కార్యకర్తలు మన ప్రహరీ లోపలికి రాలేరు. రోడ్డు అద్దంలా ఉండి దొడ్డి అడవిలా ఉన్న ఇళ్ళు మన ఊళ్ళోనే ఉన్నాయి.

ఎంత జాగ్రత్త పడినా కాటు పడితే ఏమి చేయాలో కంచె కొట్టే రోజున ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి. తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరం, మట్టెలు, గాజులు తీసివేయండి. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కర్రబద్ద కట్టి, మనిషిని నడిపించకుండా 108కి ఫోను చేయండి. పామును చంపి తెచ్చే ప్రయత్నంలో రెండో మనిషి కాటు తినవద్దు. మనకు దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. కింద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు.

మా నర్సుల హాస్టలు వెనుక కంచెను కూడా ఇదే పద్ధతిలో కొట్టించాము. బావి వైపు నాలుగు గజాలు మాత్రం అలాగే ఉంచాము. అక్కడ పికిలిపిట్ట గూడు ఉంది, పిల్లలు ఇంకా ఎగరలేదు. అటువైపు ఎవరూ వెళ్ళకుండా తాడు కట్టాము. పిల్లలు ఎగిరిపోయాక ఆ నాలుగు గజాలు కూడా పూర్తవుతాయి.