మన సభలో ఇంకో ఫొటో వద్దు

పోయిన నెల న్యూజెర్సీలో మన సభ జరిగింది. అమరవీరుల ఫొటోలకు దండలు వేసి, రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ దృశ్యాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టింది నేనే. మర్నాడు ఉస్మానియాలో చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్ చేసి, నవ్వుతూనే అడిగాడు: "మామా, నేను పోతే నా ఫొటో గూడ పెడతరా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసిరి పెట్టేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చావాలని బయల్దేరలేదు. దొర ఆగడాలకు ఎదురు నడిచాడు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటా ఆయన్ని చంపింది. 1969 కాల్పుల్లో పడిపోయిన పిల్లలూ అంతే. ప్రాణాలకు తెగించారు, కానీ ప్రాణం తీసింది ఎదుటివాడు. గన్‌పార్కు స్తూపం వాళ్ల కోసం లేచింది.

2009 డిసెంబర్ 3న శ్రీకాంతాచారి ఆత్మాహుతితో కన్నుమూశాడు. 2011 జూలైలో యాదిరెడ్డి ఢిల్లీ దాకా పోయి ప్రాణం తీసుకున్నాడు. వీళ్లను నేను తక్కువ చేయడం లేదు. డిసెంబర్ 9న మాట ఇచ్చి 23న వెనక్కి తగ్గిన ఢిల్లీదే మొదటి బాధ్యత. (ఈ వ్యాసంలో సగం కత్తిరించి వాడుకుందామనుకునే సమైక్య మిత్రులు ఈ వాక్యం కూడా చదవాలి.)

మరి మన సంగతేంటి? సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సమ్మెలో ఉన్న మా చిన్నాన్న టీచరు. జీతం రాక, చిట్టీ ఎత్తి ఇల్లు గడిపాడు. సింగరేణి కార్మికుల ఇళ్లలో పండుగ ఎట్లా జరిగిందో మనకు తెలుసు. వాళ్ల గురించి మన సభలో ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. నమ్మిన దాని కోసం కష్టపడి బతికినవాడికి చప్పట్లు లేవు, చచ్చిపోయినవాడికే దండ. ఇది చూసి ఇరవై ఏళ్ల పోరడు ఏం నేర్చుకుంటాడు? గ్రీన్‌కార్డు ఫైలు భద్రంగా దాచుకున్న మనం ఆ చావును పొగడొచ్చా?

వచ్చే సభలో చిన్నాన్నతో స్కైప్‌లో మాట్లాడిద్దామన్నాను. "జనానికి ఎమోషన్ రాదన్నా" అన్నాడొక తమ్ముడు. అయినా సరే, నేను పట్టుబడతాను.

నిన్న రాత్రి మేనల్లుడికి ఫోన్ చేశాను. "నీ ఫొటో పెట్టంరా. రాష్ట్రం వచ్చినంక నువ్వే వచ్చి ఇక్కడ మాట్లాడాలె" అన్నాను. కాసేపు వాడేమీ అనలేదు.

"వీసా ఇప్పిస్తవా మామా?" అన్నాడు.

జై తెలంగాణ!