ముంపు ఊళ్లకు కైఫీయతులు రాసుకుందాం

కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం, పోలవరం మండలాల గ్రామసభలకు, ఈ ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు చేరినవారికి, ఇక్కడ పనిచేస్తున్న టీచర్లకు, చదువుకుంటున్న పిల్లలకు విజ్ఞప్తి.

భద్రాచలం దాటాక గోదావరిలో కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. ఆ శబరిలో చింతూరుకు ఎగువనే సీలేరు కలిసి ఉంటుంది. కూనవరం నుంచి రెండు పక్కలా కొండలు దగ్గరికి జరుగుతూ వచ్చి, పాపికొండల నడుమ నదిని ఇరుకున పెట్టి, పోలవరం దగ్గర మైదానంలోకి వదులుతాయి. ఈ లోయలో ఊరంటే ఏటిగట్టున కొన్ని ఇళ్లు, వెనక వాగు, ఆ పైన కొండ. కోయవారు, కొండరెడ్లు, వాళ్ల మధ్య తరాల క్రితం వచ్చి స్థిరపడిన ఇతర కులాలవాళ్లు. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, మొదటి దశలో 41.15 మీటర్లు. ఈ రెండంకెలూ ఇక్కడ బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఊరు ఏ నది ఒడ్డున ఉందని అడిగే రోజులు పోయాయి. ఏ కాంటూరులో, అంటే ఎంత ఎత్తులో, ఉందని అడుగుతున్నారు.

ప్రాజెక్టు కట్టాలా వద్దా అన్న వాదన ఈ కరపత్రంలో లేదు. దాని మీద ఇప్పటికే చాలా కాగితం ఖర్చయింది. మేం అడిగేది ఒక్కటే: నీళ్లు వచ్చేలోపు ప్రతి ఊరూ తన చరిత్రనూ తన నేలనూ తానే కైఫీయతుగా రాసుకోవాలి. ఆ పనికి అయ్యే ఖర్చును ప్రభుత్వం పునరావాస నిధుల్లోంచి ఇవ్వాలి. ఆ పుస్తకం ఊరి సొత్తుగా ఉండాలి.

ఈ లోయ చరిత్ర ఎందుకు చెదిరిపోయిందో చూడండి. భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయి, సెంట్రల్ ప్రావిన్సుల్లో అప్పర్ గోదావరి జిల్లా అయింది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. కొత్త దొరలు పోడు మీద పన్ను పెంచారు, కొన్ని చోట్ల పోడు కొట్టడమే కూడదన్నారు. 1879లో రంపలో పితూరీ రేగినప్పుడు రేకపల్లి కొండలు కూడా అంటుకోవడానికి అదొక కారణం. ఇక్కడ దానికి ముందు నడిచినవాడు అంబుల్ రెడ్డి. మన పిల్లలకు 1922 నాటి అల్లూరి సీతారామరాజు తెలుసు, తెలియాలి కూడా. అంతకు నలభై ఏళ్లకు పైగా ముందే తమ కొండ మీదే తిరుగుబాటు నడిచిందని మాత్రం చెప్పినవాళ్లు తక్కువ. ఆ తర్వాత 1959లో ఈ ప్రాంతం ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన వెంటనే ఇందులోని ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి.

ఇన్ని సరిహద్దులు మారినా ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. కాగితాలే ఎక్కే గడపా దిగే గడపా అయ్యాయి. ఒకే ఊరి పాత లెక్కల కోసం చెన్నై, హైదరాబాద్, కాకినాడ, ఖమ్మం తిరగాలి. తాత పోడు కొట్టిన నేలకు రుజువు చూపమంటే, పది ఎకరాల ఆసామి దగ్గర కూడా దొరకని కాగితాన్ని కొండరెడ్డి ఎక్కడి నుంచి తేగలడు?

మునిగిన లోయలు మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ కట్టడానికి ముందు, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయను పురావస్తు శాఖ తవ్వించింది. ఇక్ష్వాకుల విజయపురి బయటపడింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి నిలబెట్టారు. గొప్ప పని, అందులో సందేహం లేదు. పడవెక్కి వెళ్లి ఇవాళ మ్యూజియం చూసి వస్తున్నాం. కానీ డ్యామ్ కట్టే కాలానికి అదే లోయలో పొయ్యి రాజేసుకుని బతికిన పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలకు, అక్కడి చెంచులకు, లంబాడీలకు ఆ గౌరవం దక్కలేదు. శ్రీశైలం ముంపులోనూ అదే వరస. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తీసుకొచ్చి మళ్లీ కట్టారు. 1981లో ఊళ్లను మాత్రం పోలీసులను దించి, ఇళ్లు కూల్చి ఖాళీ చేయించారు. గుడి రాళ్లకు నంబర్లు వేసిన చెయ్యి, ఆ గుడి చుట్టూ ఉన్న బతుకును రాసుకోవడానికి ఒక్క నోటుపుస్తకం తెరవలేకపోయిందా?

పోలవరం ముంపులో విజయపురి లాంటి రాజధాని లేదు. అందుకే భయం. రాజులు లేని చోట చరిత్ర లేదని అనుకోవడం మనకు అలవాటు.

ఊరు ఊరూ తిరిగి చరిత్ర రాయించడం ఈ గడ్డకు తెలియని విద్యేమీ కాదు. రెండు వందల ఏళ్ల క్రితం కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మనుషుల్ని పంపీ తామే తిరిగీ తెలుగు దేశమంతా ఊళ్ల కైఫీయతులు సేకరించారు. కరణాల దగ్గరి కవిలెలు చూశారు, ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగారు, ఊరికి ఆ పేరెలా వచ్చిందో, చెరువెవరు తవ్వించారో, కరువులెప్పుడొచ్చాయో రాశారు. కడప జిల్లావాళ్లు తమ కైఫీయతులను అచ్చు వేసుకుని ఇవాళ్టికీ చదువుతున్నారు. వాటిలో లోటు లేకపోలేదు. మాన్యాలు, అగ్రహారాలు, పాలెగాళ్ల తగవులు పేజీలకు పేజీలుంటాయి. గొడ్డలి పట్టినవాడు, పడవ నడిపినవాడు ఎక్కడో ఒక ముక్కలో కనబడి మాయమవుతాడు. మనం రాయబోయే కైఫీయతులు వాళ్ల దగ్గరే మొదలవ్వాలి.

ఏం రాయాలి? ముందుగా నేల. సామాజిక, ఆర్థిక సర్వేకు వచ్చినవాళ్ల ఫారంలో ఇంటి కొలత, గోడ మట్టిదా ఇటుకదా, ఎన్ని చెట్లు, ఎన్ని పశువులు అన్న గడులుంటాయి. జీలుగు చెట్టు సంగతి చూద్దాం. అది అడవిలో వాగు పక్కన ఉంటుంది. ఏ పట్టాలోనూ ఉండదు. కానీ ఏ చెట్టు ఏ ఇంటిదో, ఎవరు గీస్తారో, ఆ ఇంటి పిల్లకు పెళ్లయితే చెట్టు ఎటు పోతుందో ఊరందరికీ తెలుసు. కల్లు దిగే రోజుల్లో ఆ ఇంటికి అదే సగం తిండి. ఆ హక్కు రాయడానికి ఫారంలో గడి లేదు కాబట్టి, అది లేనట్టే లెక్క. లంక భూములదీ అదే కథ. వరద తీశాక ఒండ్రు మీద మిరప, పొగాకు, మొక్కజొన్న వేస్తారు. ఏటా నది ఒక చోట కోసి ఇంకో చోట మేట వేస్తుంది. నిరుటి హద్దు ఈ ఏడు నీళ్లలో ఉంటుంది. అయినా తల పగలగొట్టుకోకుండా పంచుకునే పద్ధతి ఊళ్లోవాళ్లకు ఉంది. ఆ పద్ధతి ఏమిటో, ఎవరు తీర్పరులో, పేరుపేరునా రాయండి.

తర్వాత వరద. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఇవి గేజీ చూపిన అంకెలు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీళ్లు దిగే దారి లేక వెనక్కి ఎగదన్ని, నది ఎక్కడో కనబడని ఊళ్లను కూడా వాగుల వెంట వచ్చి ముంచుతాయి. ఆ లెక్క భద్రాచలం వంతెన దగ్గర తెలియదు. ఏ వాగు ముందు నిండింది, ఏ దారి ఎప్పుడు తెగింది, నీళ్లు బడి అరుగు ఎక్కాయా, చింతచెట్టు పంగ దాకా వచ్చాయా, ఎన్ని రోజులు నిలిచాయి అన్నది ఊళ్లోవాళ్లకే తెలుసు. 2022లో మొదటి దశ జాబితాలో లేని ఊళ్లు కూడా మునిగాయి. అప్పటి నుంచి కాంటూరు లెక్కల మీద తగవు నడుస్తూనే ఉంది. ఆ తగవులో మన చేతికి ఉన్న సాక్ష్యం ఈ జ్ఞాపకమే. 1986 వరదను గట్టు మీద నిలబడి చూసినవాళ్లు ఒక్కరొక్కరే పోతున్నారు. గుర్తులున్న గోడలకూ చెట్లకూ ఇప్పుడే కొలత తీసి, ఫొటో తీసి, చూసినవాళ్ల మాటతో కలిపి రాస్తే అది రేపు కలెక్టర్ ముందు పెట్టదగ్గ కాగితం అవుతుంది.

ఆపైన మనుషులు. కోయవారిలో ఏ గట్టువాళ్లు, అంటే ఏ వంశంవాళ్లు, ఎటు నుంచి వచ్చారో, వేల్పు ఎక్కడుందో, పడిగె పరిచి ఇలవేల్పుల కథ పాడే డోలీలు ఏ ఊళ్ల నుంచి వస్తారో. ముత్యాలమ్మకు కోడి కోసే చోటు, భూమి పండుగ జరిపే చోటు, చనిపోయినవాళ్లను పెట్టిన చోటు. రేవులో పడవ ఏ నెలలో ఎక్కడ కడతారో. ఎవరు ఎవరికి అప్పుపడ్డారో, ఏ కొట్లాట ఎలా తీరిందో కూడా. మంచి మాత్రమే ఏరి రాస్తే అది చరిత్ర కాదు, పెళ్లి శుభలేఖ.

కోయ మాటలో చెప్పినవాళ్లది కోయలోనే రికార్డు చేయాలి. తెలుగు లిపిలో కోయ రాయడం మన టీచర్లకు కష్టం కాదు. కొన్ని సంగతులు రాయకూడదని ఊరు అనుకుంటే రాయొద్దు. వేల్పు రహస్యం, మందుమొక్క ఉన్న చోటు ఎవరికి చెప్పాలో పూజారి వడ్డె, పెద్దలు, ఆడవాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. బయట నుంచి వచ్చిన పరిశోధకుడు ఎంత పెద్ద చదువు చదివినా ఆ తీర్పు అతనిది కాదు. 1945లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద పుస్తకం రాశారు. విలువైనదే. అది ఇంగ్లీషులో ఉంది, ఆయన చూపులో ఉంది.

‘నష్టపరిహారమే చేతికి రాకపోతే పుస్తకాలేంటి’ అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన మాట. పరిహారం, భూమికి భూమి, ఇల్లు ముందు రావాల్సిందే. ఈ పని ఆ పోరాటానికి అడ్డం రాదు, దానికి ఆయుధం అందిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో హక్కుకు రుజువుగా ప్రభుత్వ కాగితాలే చూపాలని లేదు. పెద్దల మాటను రాతలో పెట్టిన వాంగ్మూలం చెల్లుతుంది. వంశక్రమం చెల్లుతుంది. బావి, శ్మశానం, దేవతల చోటు కూడా రుజువులే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, అటవీ హక్కుల చట్టం కింద తేలిన సామూహిక హక్కులకు కూడా డబ్బు రూపంలో లెక్క కట్టి చెల్లించాలి. తేలని హక్కుకు లెక్క లేదు. రాయని హక్కు తేలదు. అదే చట్టం కొత్త కాలనీలో శ్మశానం ఉండాలంటుంది. ఊళ్లో ఎన్ని కులాలకు ఎన్ని చోట్లు ఉండేవో రాసి ఉంచకపోతే, ఒక మూల రెండు సెంట్లు చూపించి సరిపెడతారు.

ఇక గ్రామసభకు ఈ పని చేసే అధికారం ఉందా? ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 చట్టం, అంటే పెసా, నాలుగో సెక్షన్‌లో ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని రాసి ఉంది. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. తీర్మానం చేసి, ఖర్చు ఇమ్మని అడగాలి.

‘గిరిజన మ్యూజియం కడతారట కదా’ అని ఇంకొందరంటారు. కట్టనివ్వండి. అద్దాల వెనక సిమెంటు కోయవాడు, సిమెంటు విల్లు, కింద చిన్న బోర్డు. ఆ బోర్డు మీద మన ఊరి పేరు ఉండదు.

ఇప్పటికే కాలనీలకు వెళ్లిన దేవీపట్నం, పోలవరం మండలాలవాళ్లకు ఒక మాట. ఎగువ కాఫర్ డ్యామ్ లేచాక మీ ఊళ్లు ముందు మునిగాయి. గొందూరు గండి పోచమ్మ గుడి ఏటా వరద రోజుల్లో నీళ్లలోకి పోతోంది. మీకు ఊరు కళ్లముందు లేదు, తలలో ఉంది. ఒక ఊరివాళ్లు రెండు మూడు కాలనీల్లో ఉన్నా సరే, ఒక ఆదివారం ఒకచోట కూర్చుని నేల మీద ముగ్గుపిండితో పాత ఊరి పటం గీయండి. ఎవరిల్లు ఎక్కడో పిల్లల చేత రాయించండి. పొరపాటు ఉంటే పక్కవాడే దిద్దుతాడు. ఆ దిద్దుబాట్ల దగ్గరే అసలు కథలు బయటికొస్తాయి.

ఊళ్లలో ఉన్నవాళ్లు పటం కోసం నడవాలి. ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టడం వచ్చిన కుర్రాడు ఒకడు, నేల తెలిసిన ముసలాయనో ముసలమ్మో ఒకరు, రాసే చెయ్యి ఒకటి. వాగు పుట్టిన చోటు నుంచి గోదాట్లో కలిసే చోటు దాకా నడిచి ప్రతి చెలకకూ, ప్రతి బండకూ, ప్రతి మడుగుకూ ఉన్న పేరు రాయండి. పని వేసవిలో మొదలుపెట్టండి. వాన మొదలైతే దారులు ఉండవు.

గ్రామసభలో పెట్టడానికి తీర్మానం కింద ఇస్తున్నాం. ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

‘మా గ్రామసభ ఈ రోజు సమావేశమై, మా ఊరి భూమి, అడవి, వాగులు, లంకలు, దేవతల చోట్లు, శ్మశానాలు, వరద గుర్తులు, కుటుంబాల రాకపోకలు, ఉమ్మడి హక్కులు మా మాటల్లోనే రాయించాలని తీర్మానించింది. ఇందుకు ఊరి నుంచి ఆడా మగా సమంగా కమిటీ వేస్తున్నాం. రాసినది గ్రామసభలో చదివి వినిపించి, ఒప్పుకున్నాకే ఖరారు చేస్తాం. ఒక ప్రతి ఊరి దగ్గర, ఒకటి పంచాయతీలో, ఒకటి ఐటీడీఏలో, ఒకటి జిల్లా గ్రంథాలయంలో, ఒకటి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంచాలి. ఖర్చును పునరావాస నిధుల నుంచి ప్రాజెక్టు అధికారులు విడుదల చేయాలి. ఈ రికార్డు పూర్తయి, అటవీ హక్కుల క్లెయిములు తేలేదాకా మా ఊరిని ఖాళీ చేయించకూడదు.’

సంతకాలు, వేలిముద్రలు అయ్యాక తీర్మానం నకలు ఒకటి కలెక్టరుకు, ఒకటి ప్రాజెక్టు పునరావాస అధికారికి రిజిస్టర్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త చేసి, ఊరి పుస్తకం మొదటి పేజీకి అంటించండి.